విద్యార్థుల ఉపకార వేతనములు – మన సంఘ కర్తవ్యము
(మహాసభయందు విద్యా విషయమున గావించిన ఉపన్యాసము)



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు మమ్ము నాజ్ఞాపించిరి. మేము పండితులము కాము. మగ్గము నమ్ముకొన్న పద్మశాలీలము. కుమార్తెను ఇంజనీరింగు చదివించుటకై నాలుగేండ్లు కచేరీల చుట్టు తిరిగితిమి. ఆ యనుభవమునే మనవి చేయుదుము. 2016లో నల్లగొండ, మహబూబునగరు జిల్లాలు చీలి పెక్కు జిల్లాలైనను, పోచంపల్లి మొదలు గద్వాల వఱకు మన యిండ్ల కష్ట మొక్కటియే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2008లో ఫీజు రీయింబర్సుమెంటు పథకము నారంభించెను. దాని వలన మన యిండ్లలో పెక్కండ్రు బిడ్డలు కళాశాల గడప త్రొక్కిరి. ఆ మేలును మఱచుట కృతఘ్నత. అయితే మేలు చేతి కందు దారి యెంత దూరమో చూడుడు.

వెనుకబడిన తరగతుల వారికి ఆదాయ పరిమితి గ్రామములలో ఏటికి 1,50,000 రూపాయలు, పట్టణములలో 2,00,000 రూపాయలు. ఉద్యోగికి జీతపు చీటి యుండును. మనకేమున్నది? ఆలుమగలు నేయగా, ముసలి తల్లి కండెలు చుట్టగా, అందఱికిని కలిపి ఒక్క కూలి. దానిని ఏ కాగితమున జూపుదుము? మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీలు కచేరీకి మూడు మారులు పోయితిమి. పోయిన నాడెల్ల మగ్గము నిలిచెను. పిమ్మట, పదవ తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా నుండగా ఆధారులో ఒక్క యక్షరమే యున్నదని క్రొత్త చిక్కు వచ్చెను.

ప్రవేశ పరీక్షలో 10,000 లోపు ర్యాంకు వచ్చినవారికి రుసుము మొత్తము చెల్లింతురు. ఆపై వచ్చిన మన పిల్లలకు ప్రైవేటు కళాశాలలో ఏటికి 35,000 రూపాయల వఱకే. మిగిలినది మేమే కట్టితిమి. అది ముందే తెలిసిన బరువు. తెలియని బరువు చివర పడెను. చదువు ముగిసి ఉద్యోగము వచ్చిన పిదప, సర్కారు నుండి రెండేండ్ల సొమ్ము రాలేదు గనుక 70,000 రూపాయలు కట్టిన గాని ధ్రువపత్రము లీయమని కళాశాలవారు చెప్పిరి. ఉద్యోగమున చేరుటకు గడువు పది దినములు. షావుకారు వద్ద బయానా తీసికొని కట్టితిమి. పిల్ల ఉద్యోగమున చేరినది; మేము మాత్రము ఆ బాకీ తీరువఱకు మఱియొకరికి నేయజాలక ఆ షావుకారుకే కట్టుబడియున్నాము.

కళాశాలల మొఱయు నిజమే. బకాయిల కొఱకు 2025 నవంబరులో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు మూసివేసి నిరసన తెలిపినవి. అసలు ధ్రువపత్రములను అట్టిపెట్టుకొనరాదని యూజీసీ 2018లోనే ప్రకటించినది. కాని వాదము ముగియువఱకు ఉద్యోగపు గడువు నిలువదు గదా! సర్కారు లేదు పొమ్మనినచో వేఱు దారి చూచుకొందుము. వచ్చునను మాటను నమ్మి చదివించితిమి. ఆ మాటకును సొమ్మునకును నడుమ నున్న కాలమే బీదవాని యింటిని కూల్చుచున్నది.

1918లో హైదరాబాదున రెడ్డి వసతిగృహమును స్థాపించిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారు పాలమూరు సీమవారే. కులస్థులు పూనుకొని బిడ్డలను చదివించు దారి ఈ నేలకు క్రొత్తది కాదు. కావున మూడు మనవులు.

మొదటిది: పిల్లలు పదవ తరగతిలో నుండగనే, వారి పేర్లు అన్ని కాగితములలో నొక్కటిగా నున్నవో లేవో ప్రతి గ్రామ సంఘము పరిశీలింపవలెను. రెండవది: బకాయిల వివరములను ఇంటింట సేకరించి, అందఱి పక్షమున ఒక్క విన్నపముగా కలెక్టరుగారికి సమర్పింపవలెను. మూడవది: ధ్రువపత్రములను విడిపించుటకు వడ్డీలేని నిధి నేర్పఱచి, ఉద్యోగము వచ్చిన బిడ్డ తిరిగి కట్టునట్లు, ఆ సొమ్ము మఱియొక బిడ్డకు చేరునట్లు చేయవలెను. ఈ నిధికి మా కుమార్తె తన మొదటి జీతము నుండి 5,000 రూపాయలు పంపినది. సభవారు స్వీకరింప బ్రార్థన.