కార్పెంటర్స్ నుంచి గోదారి గట్టు దాకా



2023 మార్చి 13 ఉదయం, మన గడియారం ప్రకారం. లాస్ ఏంజిలిస్ డాల్బీ థియేటర్‌లో 'నాటు నాటు' పాటకు వచ్చిన ఆస్కార్ ప్రతిమ చేతపట్టుకుని, తాను కార్పెంటర్స్‌ని వింటూ పెరిగానని అన్నారు సంగీత దర్శకుడు కీరవాణి. విన్నవాళ్లలో కొందరి కళ్లముందు రంపం, ఉలి, బాడిసె మెదిలాయి. వడ్రంగుల చప్పుళ్లలోంచి లయ పట్టుకున్నాడు కాబోలు మహానుభావుడు అని మురిసిపోయారు కూడా. ఆయన చెప్పింది 1970లలో అమెరికాను ఊపిన పాప్ జంట గురించి. కారెన్, రిచర్డ్ కార్పెంటర్ అన్నాచెల్లెళ్లు. వాళ్ల 'టాప్ ఆఫ్ ద వరల్డ్' 1973లో అక్కడి పట్టికల్లో మొదటి స్థానానికి ఎక్కేనాటికి కీరవాణికి పన్నెండేళ్లు. ఆస్కార్ వేదిక మీద ఆ బాణీలోనే తన మాటలు పెట్టి పాడారాయన. కొద్దిరోజులకు రిచర్డ్ కార్పెంటర్ ఇంట్లో పియానో ముందు కూర్చుని, కూతుళ్లతో కలిసి, ఆ పాటనే మాటలు మార్చి అభినందనగా పాడి పంపారు. కారెన్ మాత్రం 1983లోనే కన్నుమూశారు.

పాశ్చాత్య పాప్ మన చెవిన పడిన దారుల్లో ఎక్కువ భాగం సినిమా హాలు గుండానే పోతాయి. అలాగని సినిమాతో పనిలేని పాట మనకు లేదనుకోవద్దు. రావు బాలసరస్వతి, సాలూరి రాజేశ్వరరావు పాడిన ప్రైవేటు గ్రామఫోన్ రికార్డులు ఇళ్లలో అరిగిపోయేదాకా తిరిగాయి. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలయ్యాక బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివారి చేతుల్లో లలిత సంగీతం పెరిగింది. తెలుగువాళ్ల తొలి పాప్ అదే. రేడియోలో కూర్చుని ఈ మాట అంటే సొంత డబ్బాలా ఉంటుంది, అయినా నిజం నిజమే.

ఇక గిటారు, డ్రమ్స్ కథకొద్దాం. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియో 1983 డిసెంబరులో వచ్చింది. రెండేళ్లు తిరక్కుండా 1985లో ఎ. కోదండరామిరెడ్డి 'దొంగ'లో చిరంజీవి, రాధ 'గోలీమార్' అంటూ దెయ్యాల నడుమ చిందేశారు. చక్రవర్తి సంగీతం. అనుకరణే, దాపరికమేమీ లేదు. కానీ ఇరవై ఏళ్లు గడిచాక అదే పాట యూట్యూబ్‌లో 'ఇండియన్ థ్రిల్లర్' పేరుతో ప్రపంచమంతా చుట్టొచ్చింది. తెలుగు ముక్క రాని విదేశీయులు నవ్వుకుంటూ చూశారు, ఆపలేక మళ్లీ చూశారు. అప్పు తెచ్చుకున్న సరుకు వడ్డీతో సహా తిరిగి వెళ్లినట్టయింది.

ఇప్పుడు హైదరాబాద్ శివారులోని బాచుపల్లి వైపు రండి. 1995లో విజ్ఞానజ్యోతి, 1997లో గోకరాజు రంగరాజు ఇంజినీరింగ్ కాలేజీలు ఈ ప్రాంతంలో వెలిశాయి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. సాఫ్ట్‌వేర్ అనే మాట ఇంటింటికీ వచ్చిన ఆ ఏడాదే ఓ సాఫ్ట్‌వేర్ మనిషి తెలుగు సినిమాకు సంగీతం ఇచ్చాడు. ఆయనే విశాఖపట్నం రమణ గోగుల. అప్పటికే 1996లో 'ఆయే లైలా' అనే పాప్ ఆల్బమ్ తెచ్చాడు. విశాఖ కుర్రాడు పాప్ పాడాలంటే హిందీలో పాడాల్సిన రోజులవి. టీవీ సంగీత చానళ్లలో మన భాషకు కుర్చీ లేదు.

వెంకటేశ్ హీరోగా వచ్చిన 'ప్రేమంటే ఇదేరా'తో అడుగుపెట్టిన గోగుల, 1999లో 'తమ్ముడు'కి చేసిన పని నిజంగా తెగువే. పల్లవి నుంచి చివరిదాకా ఇంగ్లిషులో సాగే పాటను పవన్ కల్యాణ్ సినిమాలో పెట్టాడు. గొంతు తనదే. కాస్త బొంగురు, కాస్త నిర్లక్ష్యం, సుశిక్షిత గాయకుడు సరిదిద్దుకునే అంచులన్నీ అలాగే వదిలేసిన గొంతు. బాలు గారి నున్నటి గొంతుకు అలవాటుపడ్డ చెవులకు అది మొదట్లో గరుకుగానే తగిలి ఉండాలి. కాలేజీ కుర్రాళ్లకు మాత్రం సరిగ్గా ఆ గరుకే కావాలి. మరుసటి ఏడాది 'బద్రి' వచ్చేసరికి ఆ గొంతే ఓ ఫ్యాషన్.

దాదాపు అదే కాలంలో 'పాడుతా తీయగా' వేదిక నుంచి వచ్చిన విజయవాడ అమ్మాయి స్మిత తెలుగులోనే పాప్ ఆల్బమ్ చేసింది. దాని పేరు 'హాయ్ రబ్బా'. పాట మనది, పేరు మాత్రం ఉత్తరాదిది! తర్వాత ఆమెకు బాగా పేరు తెచ్చిన 'మసక మసక చీకటిలో' రీమిక్స్ కూడా 1973 నాటి 'దేవుడు చేసిన మనుషులు'లో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిందే. పాప్ గాయని మళ్లీ సినిమా పాట గడపకే చేరింది.

రాహుల్ సిప్లిగంజ్ ఆ గడపను కొంతకాలం పక్కన పెట్టాడు. పాతబస్తీ కుర్రాడు, నాన్న సెలూన్‌లో చేయి సాయం చేస్తూ పెరిగినవాడు. సొంతంగా పాటలు కట్టి, హైదరాబాదీ యాసలోనే పాడి, వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. గల్లీలో ఎలా మాట్లాడతారో పాటలోనూ అలాగే మాట్లాడాడు. అభిమానులను అలా సంపాదించుకున్నాడు. అయినా ప్రపంచం అతణ్ని చూసింది కాలభైరవతో కలిసి ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాడినప్పుడే.

శుక్రవారం రాత్రి గచ్చిబౌలి వైపు పబ్బుల్లో బ్యాండ్లు వాయించేదీ ఎక్కువగా సినిమా పాటలే. ఇళయరాజా బాణీ మీద డిస్టార్షన్ గిటారు మోగుతుంటే, మెడలోని ఐడీ కార్డు ఇంకా తీయని కుర్రాళ్లు గొంతు చించుకుని కలుపుతారు. ఆ సందడిని తక్కువ చేయనక్కర్లేదు. కాకపోతే ఆ బ్యాండ్లు సొంత పాట ఎత్తుకోగానే జనం ఫోన్లలోకి తల దించేస్తారు. గాయకుల లోటు మనకు ఎప్పుడూ లేదు. తెలియని పాటను మూడు నిమిషాలు ఓపిగ్గా వినే శ్రోతకే కరువు.

రమణ గోగుల ఏమయ్యాడంటారా? సినిమాలకు దూరంగా, తన ఉద్యోగంలో తానుండిపోయాడు. 2024 డిసెంబరులో భీమ్స్ సంగీతంలో, మధుప్రియతో కలిసి 'గోదారి గట్టు' పాడాడు. సినిమా 'సంక్రాంతికి వస్తున్నాం', హీరో మళ్లీ వెంకటేశే. బాచుపల్లి చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగిన క్యాబుల్లో, ఆటోల్లో ఆ సంక్రాంతికి అదే మోగింది. గొంతులో ఆ గరుకు చెక్కుచెదరలేదు.

ఆ పండగ సందడి తగ్గకముందే, 2025 ఫిబ్రవరి 2న, ఇంగ్లిష్ పాప్ గాయకుడు ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీలో పాడాడు. వారం తర్వాత బెంగళూరు కచేరీలో గాయని శిల్పారావు పక్కన నిలబడి తెలుగు పాట ఒకటి అందుకున్నాడు. అది 'దేవర' సినిమాలోని 'చుట్టమల్లే'.