వింబుల్డన్‌లో ఇంకో ఆట



వింబుల్డన్ అనగానే మనకు తెల్లబట్టలూ, పచ్చికా, టెన్నిసూ గుర్తొస్తాయి. అదే వింబుల్డన్‌లో, ప్లౌ లేన్ అనే వీధిలో, 9,000 మంది పైచిలుకు పట్టే చిన్న ఫుట్‌బాల్ స్టేడియం ఒకటుంది. ఏఎఫ్‌సీ వింబుల్డన్ క్లబ్బు ఆడేది అక్కడే. ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులు చాలావరకు కోటీశ్వరుల చేతుల్లో ఉన్నాయి. ఈ క్లబ్బులో పెత్తనం డాన్స్ ట్రస్ట్ అనే అభిమానుల సంఘానిది. ఏటా చిన్న చందా కడితే సభ్యత్వం, సభ్యుడికి ఒక ఓటు. బస్సు డ్రైవరుకైనా బ్యాంకు మేనేజరుకైనా ఓటు ఒకటే. కింది డివిజన్లలో ఆడే క్లబ్బు జనాన్నీ డబ్బునీ ఎలా తెచ్చుకోవాలని ఎవరైనా అడిగితే, నేను మొదట చూపించేది దీన్నే.

పాత వింబుల్డన్ క్లబ్బు 1977 దాకా లీగ్‌లోనే లేదు. అలాంటిది 1988లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించింది. లారీ శాంచెజ్ తలతో గోల్ కొట్టాడు, గోల్‌కీపర్ డేవ్ బీసంట్ పెనాల్టీ ఆపాడు. కప్పు వచ్చింది గానీ మూడేళ్లకే సొంత మైదానం పోయింది. 1991 నుంచి క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ల స్టేడియంలో అద్దెకు ఆడారు. అద్దె ఇంట్లో ఉన్న క్లబ్బుకు గేటు వసూళ్లలోంచి అద్దె పోతుంది, అక్కడి క్యాంటీన్ మీదా బోర్డుల మీదా హక్కుండదు. యజమానులు విసిగిపోయి, క్లబ్బును సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలిస్తామన్నారు. 2002 మే 28న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) నియమించిన కమిషన్ సరేనంది. అభిమానులు కొత్త క్లబ్బు పెట్టుకోవడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మంచిది కాదని కూడా సెలవిచ్చింది.

వాళ్లు పెట్టుకున్నారు. అదే ఏఎఫ్‌సీ వింబుల్డన్. జూన్ చివర్లో వింబుల్డన్ కామన్ అనే బహిరంగ మైదానంలో ఆటగాళ్ల ఎంపిక జరిగింది, ఎవరైనా వచ్చి ఆడి చూపించొచ్చు. జులైలో సట్టన్‌లో మొదటి స్నేహపూర్వక మ్యాచ్‌కు 4,500 మందికి పైగా వచ్చారు. జట్టు 4-0తో ఓడిపోయింది, అయినా చివరి విజిల్ తర్వాత అభిమానులు సంబరంగా మైదానంలోకి దిగారు. ఆ జట్టు చేరింది తొమ్మిదో అంచె లీగ్‌లో. ఆ స్థాయి మ్యాచ్‌లకు వందమంది వస్తే గొప్ప. వీళ్ల మొదటి సీజన్ సగటు 3,000 దాటింది. రెండో అంచెలో ఆడుతున్న పాత క్లబ్బుకు ఆ ఏడాది అంతమంది కూడా రాలేదు.

జనం ఆట నాణ్యత చూసి వస్తారని మనవాళ్లు అనుకుంటారు. ఆట మెరుగైతే జనం వస్తారు, అప్పుడు స్పాన్సర్లు వస్తారు అని వరస వేస్తారు. ఇక్కడ వరస తిరగబడింది. ముందు జనం వచ్చారు, వాళ్ల వెంట డబ్బు వచ్చింది, ఆట ఆ తర్వాత బాగుపడింది. ఊళ్లో శ్రీరామనవమి పందిరికి చందా రాసినవాడు పానకం సరిపోయిందో లేదో చూసుకోవడానికి తనంతట తానే వస్తాడు, ఇంకో నలుగుర్ని వెంటేసుకొస్తాడు. ప్లౌ లేన్ లెక్క కూడా అదే.

2003 ఫిబ్రవరి నుంచి 2004 డిసెంబరు దాకా ఏఎఫ్‌సీ వింబుల్డన్ వరసగా 78 లీగ్ మ్యాచ్‌లు ఓడిపోలేదు. 2011లో లూటన్ మీద పెనాల్టీల్లో గెలిచి ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు. తొమ్మిదేళ్లలో అది ఐదో ప్రమోషన్.

డబ్బు సంగతికొద్దాం. కింది డివిజన్లలో టీవీ సొమ్ము తక్కువ. సీజన్ టికెట్లు, మ్యాచ్ రోజు తిండీ బీరూ, జెర్సీలు, స్పాన్సర్లు, ఎప్పుడో ఓ కుర్రాణ్ణి పెద్ద క్లబ్బుకు అమ్మితే వచ్చే మొత్తం, ఇవే ఆధారం. వింబుల్డన్‌కు దొరికిన స్పాన్సర్లు చిత్రమైనవాళ్లు. 'ఫుట్‌బాల్ మేనేజర్' కంప్యూటర్ ఆట తయారుచేసే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ వాళ్లు మొదటినుంచీ జెర్సీ మీద నిలబడ్డారు. అమెరికా రచయిత జాన్ గ్రీన్, అదే, హిందీ సినిమా 'దిల్ బేచారా'కు మూలమైన నవల రాసినాయన, ఈ జట్టుతో వీడియో గేమ్ ఆడుతూ యూట్యూబ్‌లో పెట్టి, వచ్చిన ప్రకటనల సొమ్ము క్లబ్బుకిచ్చాడు. ఆయన ఉండేది ఇండియానాపోలిస్‌లో. కథ బాగుంటే అభిమాని ఆ ఊళ్లోనే ఉండక్కర్లేదు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది బాండ్ల వ్యవహారం. ప్లౌ లేన్‌లో, పాత క్లబ్బు మైదానానికి కూతవేటు దూరంలో, కొత్త స్టేడియం కట్టేటప్పుడు సొమ్ము చాల్లేదు. పెట్టుబడిదారుకు వాటా అమ్మితే పెత్తనం పోతుందని సభ్యులకు భయం. దాంతో అభిమానులనే అప్పడిగారు. వడ్డీ ఎంత కావాలో ఇచ్చేవాళ్లే ఎంచుకోవచ్చు, వద్దనుకుంటే సున్నా. కొద్ది నెలల్లో 50 లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి. 2020 నవంబరు 3న డోన్‌కాస్టర్‌తో మొదటి మ్యాచ్ జరిగింది, కరోనా వల్ల కుర్చీలన్నీ ఖాళీ. ఆ కరోనా రోజుల్లోనే ఈ అభిమానులు సూపర్‌మార్కెట్ల ముందు నిలబడి సరుకులు పోగుచేసి, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్లకు చేరవేశారు. చుట్టుపక్కల వీధుల్లో ఫుట్‌బాల్ అంటే గిట్టనివాళ్లకు కూడా క్లబ్బు పేరు తెలిసింది అప్పుడే.

ఈ కథలో ఒక మచ్చ ఉంది. ప్లౌ లేన్ ఖర్చుకోసం వీళ్లు కింగ్స్‌మెడో అనే తమ మైదానాన్ని చెల్సీకి అమ్మారు. అక్కడ అద్దెకుంటున్న కింగ్‌స్టోనియన్ అనే ఇంకా చిన్న క్లబ్బు 2017లో నిలువనీడ లేకుండా పోయింది. ఇల్లు పోగొట్టుకున్న బాధ తెలిసినవాళ్లు చేసిన పని ఇది. నాకైతే మింగుడుపడదు. పైగా అభిమానుల క్లబ్బుకు సొమ్ముకెప్పుడూ కటకటే. 2022లో నాలుగో అంచెకు పడిపోయి, 2025లో వెంబ్లీలో వాల్సాల్‌ని 1-0తో ఓడించి మళ్లీ పైకొచ్చారు.

బెర్లిన్‌లో యూనియన్ క్లబ్బుది ఇంకో దారి. 2003 క్రిస్మస్‌కు ముందు 89 మంది అభిమానులు రాత్రిపూట స్టేడియంలోకి దూరి పాటలు పాడుకున్నారు. ఇప్పుడా పాటల సాయంత్రానికి స్టేడియమే నిండుతుంది. 2008లో మరమ్మతులకు డబ్బులేకపోతే 2,000 మందికి పైగా అభిమానులు సిమెంటు మోసి కట్టారు. వేల్స్‌లోని రెక్సమ్‌ను సినిమా తారలు కొన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ప్రతి క్లబ్బూ తారల కోసం కాచుక్కూర్చోలేదు.

మన దగ్గర? 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, రహీమ్ సాబ్ శిక్షణలో. 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఛాంపియన్ అయింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆపడానికి ఇక్కడ ఎవరి చేతిలోనూ ఓటు లేదు. మిగిలిన పెద్ద క్లబ్బు శ్రీనిధి డెక్కన్, అజీజ్‌నగర్‌లో ఆడుతుంది. ఇలాంటి క్లబ్బులు టికెట్ ధర తగ్గించి ఊరుకుంటే లాభంలేదు. సభ్యత్వం పెట్టాలి, ఏటా లెక్కలు సభ్యుల ముందుంచాలి, చుట్టుపక్కల బడుల పిల్లల్ని తీసుకురావాలి, మ్యాచ్‌కు పోయిరావడానికి బస్సు చూడాలి.

మీ ఊళ్లో జిల్లా లీగ్ మ్యాచ్ జరుగుతుంటే వచ్చే ఆదివారం వెళ్లండి. టికెట్ ఉంటే కొనండి. లేకపోతే నిర్వాహకుల్ని చందా పుస్తకం అడిగి, రాసేముందు లెక్కలెప్పుడు చూపిస్తారో కూడా అడగండి.