పచ్చని చెట్టులోని రోగము

పట్టభద్రులారా,

అమెరికా ఈశాన్యభాగమున, వెర్మాంట్ రాష్ట్రపు క్యామెల్స్ హంప్ పర్వతముపై 1965 ప్రాంతమున ఎఱ్ఱ స్ప్రూస్ అను సూదియాకుల వృక్షములను లెక్కించిన శాస్త్రజ్ఞులు 1979లో మరల లెక్కింపగా, వానిలో ఇంచుమించు సగము నశించియుండెను. ఇందు ఆమ్లవర్షమునకు ప్రధానపాత్ర కలదని క్రమముగా తేలినది. అది మన్నులోని కాల్షియమును కడిగివేసి, వేళ్లకు విషప్రాయమగు అల్యూమినియమును కరగించి విడువగా, కాల్షియము కొఱవడిన సూదియాకుల కణత్వచములు దుర్బలములై, శీతమునకు తాళజాలక, ఆకులు ఎఱ్ఱబాఱి రాలిపోయినవి. ఆకు ఎఱ్ఱబాఱిన పిమ్మట చేయదగిన చికిత్స స్వల్పము.

చెట్టు పచ్చగా నున్నపుడే దాని బాధను కనిపెట్టుటెట్లు? మీలో పెక్కురు స్ప్రూస్‌ను చిత్రపటముననే చూచియుందురు గాని, ఈ పరీక్షావిధానము మీకు సుపరిచితముగనే తోచును. ఆ యేడు పుట్టిన సూదియాకులను కోసి, సన్నగా తఱిగి, పెర్‌క్లోరిక్ ఆమ్లముగల గొట్టములలో వేసి, మంచుపై నుంచి ప్రయోగశాలకు చేర్చి, పలుమాఱులు గడ్డకట్టించి కరగించి, వెలువడిన ద్రవమున పుట్రెసిన్ అను పాలీయమీన్ ఎంత యున్నదో కొలుతురు. కాల్షియము తఱిగి అల్యూమినియము హెచ్చిన నేలలందలి స్ప్రూస్ వృక్షములలో, కంటికి లోపమేదియు కానరాకమునుపే, ఈ పుట్రెసిన్ అధికమగుట గమనింపబడినది.

ఇంతటితో రోగనిర్ణయము ముగిసినదని తలంచుట తొందరపాటు. పొటాషియము చాలని బార్లీ మొక్కలలోను పుట్రెసిన్ పేరుకొనునని 1952లోనే రిచర్డ్స్, కోల్‌మన్ అనువారు చూపిరి. అనావృష్టియు దానిని పెంచగలదు. జ్వరమాని జ్వరమున్నదని చెప్పునే కాని, అది మలేరియాయో టైఫాయిడో చెప్పదు గదా! కావున పుట్రెసిన్‌తో పాటు పత్రహరితమును, గ్లూటథయోన్ అను కణరక్షకద్రవ్యమును, ఆకులోని కాల్షియమును, చెట్టు మొదలునందలి మట్టిని కలిపి పరీక్షించి, సమీపమందలి ఆరోగ్యవంతమగు వృక్షములతో పోల్చి చూడవలెను. ఒక్క అంకెను పట్టుకొని అడవికి మరణశాసనము వ్రాయు నివేదికలు నాకు రుచింపవు.

నిర్ణయము సరియైనచో చికిత్సయు ఫలించును. న్యూ హాంప్‌షైర్‌లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1999లో ఒక పరీవాహకప్రదేశముపై హెలికాప్టరుతో కాల్షియము సిలికేటును చల్లిరి. 2003 నాటి శీతకాలమున అచటి ఎఱ్ఱ స్ప్రూస్ వృక్షములు, కాల్షియము చల్లబడని తావులందలి వృక్షములకంటె తక్కువగా దెబ్బతినినవి.

రేపు మీరు ప్రయోగశాలలలో చేరి నమూనాలు సేకరించునపుడు, గొట్టముపై చెట్టు సంఖ్యను మాత్రమే వ్రాసి ఊరకుండక, అది నిలిచిన నేల స్వభావమును, కోసిన ఋతువును గూడ తప్పక వ్రాయుడు.