మా తమ్ముడితో వాదన మానేశాక



నేను ఐటీ కన్సల్టెంటుని, డాక్టర్ని కాను. అయినా ఈరోజు సైకోసిస్ అనే మానసిక వ్యాధి గురించి మాట్లాడతాను. మన ఇళ్ళలో దీన్ని దాచిపెడతాం కనుకనే మాట్లాడుతున్నాను.

కొన్నేళ్ళ క్రితం న్యూజెర్సీలో మాతో ఉంటున్న మా తమ్ముడు, ఫోనులోంచి ఎవరో తనని గమనిస్తున్నారని నమ్మాడు. నాకు తెలిసిన విద్యే కదా అని రాత్రంతా కూర్చుని ఆ ఫోనంతా వెతికాను. "ఏమీ లేదురా" అని చూపించాను. వాడు నా వంక చూసి, "అన్నయ్యా, నువ్వూ వాళ్ళతో కలిసిపోయావా?" అన్నాడు.

ఇలాంటి పొరపాటు పెద్దవాళ్ళూ చేశారు. 1959లో మిషిగన్‌లోని ఇప్సిలాంటి ఆసుపత్రిలో, తానే క్రీస్తునని నమ్మే ముగ్గురు రోగులను మిల్టన్ రోకీచ్ అనే సైకాలజిస్టు ఒకచోట చేర్చారు. ఒకరిని చూసి ఒకరు మారతారని రెండేళ్ళు చూశారు. ఎవరూ మారలేదు. అలా చేసే హక్కు తనకు లేదని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

అంతకు ముందే, 1952లో, డాక్టర్ ఏరన్ బెక్ మరో దారి చూపించారు. తనపై నిఘా ఉందని నమ్మిన ఒక రోగితో వాదనకు దిగకుండా, ఆ నమ్మకానికి ఆధారాలేమిటో అతని చేతే పరీక్ష చేయించారు.

పరిశోధకులు వాడే పరీక్ష ఒకటుంది. ఒక జాడీలో ఒక రంగు పూసలు 85, ఇంకో రంగువి 15. రెండో జాడీలో అటుదిటు. ఒక్కో పూసా తీసి చూపిస్తూ, ఇది ఏ జాడీయో చెప్పమంటారు. భ్రమలున్నవారిలో చాలామంది ఒకటి రెండు పూసలకే తేల్చేస్తారు. అందుకే హాంబర్గ్‌లో స్టెఫెన్ మోరిట్జ్ బృందం రూపొందించినలాంటి శిక్షణల్లో తొందరపడకపోవడం నేర్పుతారు. "నీది తప్పు" అనరు, "ఇంకో పూస చూద్దామా?" అన్నట్టుంటుంది.

మా వాడికి మందులతోపాటు ఇలాంటి సాయమూ దొరికింది. "ఫోను వేడెక్కడానికి ఇంకేం కారణాలుండొచ్చు?" అని థెరపిస్టు అడిగితే, వాడే నాలుగు రాశాడు. నూటికి నూరు ఉన్న నమ్మకం కొన్ని వారాలకి 70 అయింది. 70 తక్కువేం కాదు. కానీ ఆ మిగిలిన 30లోనే వాడు నాతో మళ్ళీ మాట్లాడాడు.

మీ ఇంట్లో ఇలా ఉంటే వాదించకండి, అలాగని భ్రమకు తలూపకండి. "నీకెంత భయంగా ఉందో" అనండి చాలు. వీసా, పెళ్ళిసంబంధాలు అంటూ ఆలస్యం చేయకండి. మొదటిసారి సైకోసిస్ వచ్చిన యువతకి చాలా రాష్ట్రాల్లో ప్రత్యేక క్లినిక్కులున్నాయి. అత్యవసరమైతే, 2022 నుంచి దేశమంతటా పనిచేస్తున్న 988కి ఫోను చేయండి.

సెలవు.