చదువు – చాకిరి

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920వ దశకమున బోస్టను నగరములో ఉష్ణమండల వైద్యము చదువుచు, రాత్రులందు ఆసుపత్రిలో పరిచారకుని పని చేసి పొట్ట పోసికొనిరి.

నేడును మన పిల్లలనేకులు అమెరికాకు పోవుచున్నారు. చదువు సాగునంత కాలము వారమునకు 20 గంటలకు మించక, విద్యాలయ ప్రాంగణమునందు పని చేసికొనవచ్చునని అచ్చటి నిబంధన. అనుమతి లేక వెలుపల హోటళ్ళలో అంట్లు తోమినను విద్యార్థి హోదా పోవును. దేశము విడువవలసి వచ్చును.

ఆ 20 గంటల కూలి తిండికి సరిపోవచ్చును. చదువు రుసుమునకు చాలదు. అప్పు చేసి పంపిన మనము ఫోనులో మొదట అడుగునది, “ఏమైనా సంపాదించుచున్నావా?” అని. ఆ ప్రశ్నయే బిడ్డను నిషిద్ధమైన పనికి తరుమునని మా భయము. ఈ రాత్రి, “అన్నము తింటివా? నిద్ర పట్టుచున్నదా?” అని అడుగుదము.