ఎప్పుడు ఆపాలో చెప్పండి

ఈ ఉక్కలో నల్ల గౌన్లు తొడుక్కుని కూర్చున్న మీకు నా సానుభూతి.

ఔషధరంగం భవిష్యత్తు గురించి మాట్లాడమన్నారు. భవిష్యత్తు నాకు తెలియదు, చర్మం తెలుసు. జిల్లా ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుగా తల నెరిసినదాన్ని. అందుకని ఫార్మసీ పట్టా పుచ్చుకుంటున్న మీతో ఒక్క ట్యూబు గురించే మాట్లాడతాను.

అది స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు. దాన్ని తిట్టడానికి రాలేదు. 1952లో అమెరికాలో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే డాక్టర్లు హైడ్రోకార్టిసోన్‌ను చర్మానికి పూసి ఫలితం చూపించాకే మా శాఖ రూపం మారింది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, చేతులు పగిలి రసి కారుతూ అన్నం కూడా కలుపుకోలేని ఒక తాపీపని కూలీకి బీటామెథాసోన్ రాసిచ్చారు మా ప్రొఫెసరు గారు. వారం తిరక్కుండా నవ్వుతూ వచ్చాడు. ఎన్నాళ్లు రాయాలో, ఏ రోజు ఆపాలో ఆయన అతనితో రెండుసార్లు అప్పజెప్పించుకోవడం నాకింకా గుర్తుంది.

ఆ రెండో మాటే ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. నా బాధంతా అదే.

పెళ్లి కుదిరిన ఒకమ్మాయి ముఖానికి చున్నీ కప్పుకుని వచ్చింది. తెల్లబడతావని స్నేహితురాలు చెప్పిన క్రీము రాస్తోందట. అందులో ఉన్నవి మొమెటాసోన్ అనే స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. మంగుకి, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా, కొద్ది వారాలు వాడాల్సిన మందు అది. ఈమె పౌడరులా వాడింది. బుగ్గలు ఎర్రబారి, సన్నటి రక్తనాళాలు పైకి తేలి, మొటిమలు వచ్చి, నూగు పెరిగింది. “మానేస్తే మండిపోతోంది డాక్టరమ్మా, రాస్తే చల్లబడుతోంది. మంచి క్రీమే కదా?” అంది. ఆ మంట తెచ్చిపెట్టింది ఆ క్రీమేనని నమ్మించడానికి నాకు చాలాసేపు పట్టింది. ముఖం కుదుటపడడానికి నెలలు పట్టింది.

ఇక తామర. గజ్జల్లో దురదని ఆటో డ్రైవరు మీ కౌంటరు దగ్గరికొస్తాడు. క్లోబెటసాల్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలగలిపిన ట్యూబు చేతిలో పెడతారు. దురద రాత్రికే తగ్గుతుంది. కాపలా కుక్కను కట్టేసి దొంగకు దారిచ్చినట్టు, ఒంటి ఎదురుదాడిని స్టెరాయిడ్ అణచేస్తే ఫంగస్ హాయిగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, మాకే పోల్చుకోవడం కష్టమవుతుంది. తొడల మీద చారలు పడితే జన్మకి పోవు.

నవ్వకండి, మీరు చదివిన పాఠమే అడుగుతున్నాను. ముంజేతి చర్మం పీల్చుకునే హైడ్రోకార్టిసోన్ ఒక వంతు అనుకుంటే, నుదురు ఆరు వంతులు పీల్చుకుంటుంది. వృషణాల మీది చర్మం? 42 వంతులు. 1967లోనే ఫెల్డ్‌మన్, మైబాక్ లెక్కగట్టారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నారుగా, మరి కౌంటరు దగ్గర ఎందుకు గుర్తురాదు నాయనా?

పసివాళ్ల సంగతి ఇంకా ఘోరం. డైపరు ఒరుపుకి క్లోబెటసాల్ రాసి, పైన మళ్లీ డైపరు బిగిస్తారు. ఆ మూతకింద మందు మరింత లోపలికి ఇంకుతుంది. ఒక బాబు ముఖం పూర్ణచంద్రుడిలా ఉబ్బితే, మనవడు బొద్దుగా ఉన్నాడని నాయనమ్మ మురిసిపోయి దిష్టి తీసింది. వాడి అడ్రినల్ గ్రంథులు పనిచేయడం తగ్గించేశాయి.

చీటీ అక్కర్లేదంటూ పైపూతలకున్న మినహాయింపును తీసేసి, 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. చట్టం మారింది, చాలాచోట్ల కౌంటరు మారలేదు.

అలాగని భయపెట్టడం మొదలెట్టకండి. ఎగ్జిమా పిల్లవాడి తల్లి మా చీటీతో వస్తే, “అమ్మో స్టెరాయిడా, వద్దమ్మా” అని తిప్పిపంపే మహానుభావులూ ఉన్నారు. ఆ పిల్లవాడు రాత్రంతా గోక్కుంటాడు. భయం కాదు, కొలత నేర్పండి. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపు మీద పిండిన మందు దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. నెలల తరబడి రాసినవాళ్లని మాత్రం ఒక్కసారిగా మానేయమనకండి, డాక్టరు దగ్గరికి పంపండి.

రేపు కౌంటరు వెనక నిలబడ్డాక జేబులో ఒక పెన్ను ఉంచుకోండి. చీటీ చూసి, ట్యూబు పెట్టె మీద ఆపాల్సిన తేదీ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వండి. చీటీలో ఎన్నాళ్లో లేకపోతే, రాసిన డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. అసలు చీటీయే లేకపోతే, ఆ ట్యూబు ఇవ్వకండి.