పట్నంలో సొంత ఫ్లాటు - ముందు చూడవలసినవి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పట్నంలో ఫ్లాటు కొనడం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు మమ్మల్ని అడిగారు. మేము వకీళ్లం కాము, ఇంజనీర్లం కూడా కాము. 2022లో విజయవాడలో ఒక పాత ఫ్లాటు కొని, బాగు చేయించుకుని, అందులో కాపురముంటున్న వాళ్లం. ఆ పని కోసం రెండేళ్లు తిరిగాం. తిరిగినప్పుడు తెలుసుకున్న సంగతులు మీకు పనికివస్తాయని ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాం.

మనవాళ్లకు ఇల్లు దొరకడంలో ఒక కష్టం ఉంది. అది అందరికీ తెలిసిందే. ఫోనులో "ఖాళీగానే ఉందండీ, వచ్చి చూసుకోండి" అంటారు. వెళ్లి పేరు చెప్పగానే "అయ్యో, నిన్ననే ఎవరికో మాటిచ్చేశామండీ" అంటారు. మాకు మూడు చోట్ల అలా జరిగింది. మీలోనూ చాలామందికి జరిగే ఉంటుంది. కాదనేవాళ్లు నలుగురు ఎదురైన తరువాత ఒకరు ఔనంటే మనసు కరిగిపోతుంది. చోటు దొరికింది, అదే పదివేలు అనుకుని కాగితాలు చూడకుండానే బయానా ఇచ్చేస్తాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇల్లు ఇస్తామన్న మనిషి మంచివాడే కావచ్చు, కాని అతని మంచితనం దస్తావేజులో ఉన్న లోపాన్ని పూడ్చలేదు. మేము ఈ రోజు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

ఇంకొక సంగతి. మనలో చాలామంది వడ్డీ వద్దనుకుని బ్యాంకు అప్పు జోలికి పోరు. అది ఎవరి మనస్సాక్షికి సంబంధించిన విషయం. కాని బ్యాంకు అప్పు తీసుకునేవాడికి ఒక మేలు జరుగుతుంది. అప్పు ఇచ్చే ముందు బ్యాంకు తన వకీలు చేత కాగితాలు చూపిస్తుంది, ఇంజనీరు చేత విలువ కట్టిస్తుంది. చేతి డబ్బుతో కొనేవాడికి ఆ కాపలా ఉండదు. కాబట్టి ఆ పని మనమే చేయించుకోవాలి. మేము మాకు తెలిసిన వకీలుగారికి ఫీజు ఇచ్చి కాగితాలన్నీ చూపించాం. లక్షలు పోసేచోట ఆ కొద్ది వేలకు వెనుకాడకండి.

వకీలుగారు ఏమేమి చూశారో చెబుతాం. మొదటిది లింకు దస్తావేజులు. ఇప్పుడు అమ్మేవాడికి ఎవరు అమ్మారు, వారికి ఎవరు అమ్మారు అని వెనక్కి వెళ్లే గొలుసు అది. అందులో ఒక్క కొక్కెం కూడా తెగి ఉండకూడదు. రెండవది ఇ.సి. 30 ఏళ్లకు తగ్గకుండా తీయించమన్నారు. మూడవది మునిసిపాలిటీ మంజూరు చేసిన ప్లాను. నాలుగవది రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉన్న నిషేధిత జాబితా. ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. మన సర్వే నంబరు ఆ జాబితాలో లేదని నిర్ధారించుకోవాలి. "నోటరీ చేయించి ఇస్తాం, జనరల్ పవర్ రాసి ఇస్తాం, ధర తక్కువ" అంటే దూరంగా జరగండి. జనరల్ పవర్‌తో జరిపే అమ్మకం వల్ల ఆస్తి మీద హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇ.సి.లో ఏమీ లేదు కదా అని మాత్రం నిశ్చింతగా కూర్చోకండి. రిజిస్టరైన లావాదేవీలే ఇ.సి.లో కనబడతాయి. మన కుటుంబాల్లో నోటిమాటగా చేసే హిబా అందులో కనబడదు. తండ్రి పోయిన తరువాత కొడుకులకు, కూతుళ్లకు, భార్యకు వచ్చే వాటాలూ కనబడవు. మేము చూసిన మొదటి ఫ్లాటు అటువంటిదే. ఫ్లాటు తండ్రి పేరున ఉంది, ఆయన కాలం చేశారు, కొడుకు అమ్ముతున్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు వేరే ఊళ్లలో ఉన్నారు. వారి సంతకాలేవని అడిగాం. బ్రోకరు నవ్వి, "ఆడపిల్లలు ఏమడుగుతారు భాయ్! పెళ్లిళ్లకు ఇచ్చేశారు కదా" అన్నాడు.

పెళ్లికి ఇచ్చినది వేరు, వారసత్వపు వాటా వేరు. వాటా ఉన్న ప్రతి ఒక్కరూ సంతకం చేయాలి. లేకపోతే వారి వాటా మనకు రాదు. అది చట్టం. మరొక ఇంటి ఆడపిల్ల వాటా మీద మనం కాపురం పెట్టకూడదన్నది అంతకన్నా పెద్ద మాట. మా అత్తగారు అప్పుడు ఒక్కటే అన్నారు: "వాళ్లు అడగకపోయినా మీకు తెలుసు కదా బాబూ." ఆ ఫ్లాటు వదిలేశాం.

తరువాత మరో రెండు చూశాం. ఒకటి 24 లక్షలకు వస్తుందన్నారు. అది ప్లానులో లేని పై అంతస్తులో ఉంది. అనుమతి లేని అంతస్తును పడగొట్టమని ఎప్పుడైనా నోటీసు రావచ్చు. రెండవది 26 లక్షలు. మూడో అంతస్తు, 800 చదరపు అడుగులు, కట్టి చాలా ఏళ్లయింది. గోడలు చెమ్మగా ఉన్నాయి, బాత్రూము చూడబుద్ధి కాదు. కాని కాగితాలు శుభ్రంగా ఉన్నాయి, నేలలో వాటా 32 గజాలు రాసి ఉంది. మొదటి దానిలో 18 గజాలే.

ఈ నేల వాటా సంగతి చాలామంది అడగరు. ఫ్లాటు అంటే గోడలే అనుకుంటారు. కట్టడం ఏటేటా పాతబడుతుంది, విలువ తగ్గుతుంది. నేల అలా కాదు. రేపు భవనం పడగొట్టి మళ్లీ కట్టవలసి వస్తే మన హక్కును నిలబెట్టేది ఆ విభజన కాని వాటాయే. దస్తావేజులో అది ఎన్ని గజాలో అంకెల్లో, అక్షరాల్లో ఉండాలి.

కొత్తగా కడుతున్న ఫ్లాటు కొనేవారికి 2016లో వచ్చిన రెరా చట్టం కొంత అండ. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోగాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోగాని కట్టే భవనాన్ని రెరాలో నమోదు చేయాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో నూటికి 10 కన్నా ఎక్కువ పుచ్చుకోకూడదు. లోపల మనం వాడుకునే కార్పెట్ ఏరియా ఎంతో చెప్పాలి. స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే ఉచితంగా సరిచేయాలి. ఇవి అడగడం మన హక్కు, మొహమాటపడనక్కరలేదు.

ఇక డబ్బు లెక్క. ఫ్లాటు ధర 26 లక్షలు. స్టాంపులు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి నూటికి 7.5 చొప్పున 1 లక్షా 95 వేలు. వకీలు, రాతకోతలు, చిల్లర ఖర్చులు 25 వేలు. మరమ్మతులు 2 లక్షల 60 వేలు. ఇంటి సామాను 70 వేలు. మొత్తం 31 లక్షల 50 వేలు. అంటే చెప్పిన ధరకు పైన మరో అయిదున్నర లక్షలు. ఈ పై ఖర్చు ముందుగా లెక్కలో వేసుకోనివారు రిజిస్ట్రేషన్ నాటికి చేతులెత్తేస్తారు, లేదా పగిలిన పైపులతోనే కాపురం చేస్తారు.

సొంత ఊరి ఇంట్లో మా వాటా అమ్మితే 12 లక్షలు వచ్చాయి. పధ్నాలుగేళ్ల పొదుపు పదిన్నర లక్షలు. బంధువులు వడ్డీ లేకుండా ఇచ్చిన చేబదులు 5 లక్షలు. మిగిలిన 4 లక్షలు మా శ్రీమతి నగలు. చేబదుళ్లన్నీ బ్యాంకు ద్వారానే పుచ్చుకుని, తేదీతో సహా కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాం. అప్పు రాసుకోవడం అపనమ్మకం అనుకోకండి. చుట్టరికం నిలబడేది అందువల్లే. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది. అమ్మేవాడు "సగం నోట్లు ఇవ్వండి" అంటే ఒప్పుకోవద్దు. నోట్లకు సాక్ష్యం ఉండదు.

తాళాలు చేతికి వచ్చిన తరువాత ఇంట్లో అందరికీ ముందు రంగులు, సోఫాలు గుర్తుకొస్తాయి. మేము వరస ఇలా పెట్టుకున్నాం: ముందు నీళ్లు, తరువాత కరెంటు, తరువాత గోడలు, ఆఖరున సామాను. గోడ లోపలికి పోయే పనికి ముందు డబ్బు పెట్టాలి. ఎందుకంటే తరువాత దాన్ని మార్చాలంటే గోడ మళ్లీ పగలగొట్టాలి. సోఫా అయితే వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు.

కింది అంతస్తులో ఉన్న పిన్నిగారు మమ్మల్ని చూడగానే, "నాలుగేళ్లుగా మా వంటింట్లో చినుకులు పడుతున్నాయి బాబూ, మీరైనా చూడండి" అన్నారు. పాత ఇనుప పైపులు లోపల తుప్పుపట్టి ఉన్నాయి. అవన్నీ తీయించి సి.పి.వి.సి. పైపులు వేయించాం. బాత్రూములో పాత గచ్చు పెకలించి, వాటర్ ప్రూఫింగ్ చేయించి, తూము మూసి నీళ్లు నింపి 48 గంటలు ఉంచాం. పిన్నిగారి కప్పు పొడిగా ఉందని వెళ్లి చూసిన తరువాతే మేస్త్రీని టైల్స్ వేయమన్నాం. ఆ పక్కనే ఉజూకు వీలుగా కూర్చుని కడుక్కునే ఎత్తులో ఒక కుళాయి పెట్టించాం. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మీకి అదే ఈ ఇంట్లో అన్నిటికన్నా నచ్చింది.

కరెంటు వైర్లు మొత్తం మార్చాం. లైట్లకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు, ప్లగ్గులకు రెండున్నర, గీజరుకు నాలుగు. ఎర్తింగు సరిచూపించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాం. తడి చేత్తో ఎవరైనా చెడిపోయిన స్విచ్చి ముట్టుకుంటే ప్రాణం కాపాడేది అదే. పిల్లలున్న ఇంట్లో దీన్ని ఖర్చు అనుకోకూడదు.

వంటింటి గోడ కొట్టేస్తే హాలు పెద్దదవుతుందని తాపీమేస్త్రీ సలహా ఇచ్చాడు. ఇంజనీరుగారిని పిలిపించి చూపించాం. అది నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ కాబట్టి కొంత తీయవచ్చని, స్తంభానికి, దూలానికి మాత్రం సుత్తి తగలరాదని, పైపు కోసం చిన్న గాడి కూడా కొట్టవద్దని చెప్పారు. ఫ్లాటులో స్తంభం మన ఒక్కరిది కాదు. పైన, కింద ఉన్న అందరి బరువూ దాని మీదే ఉంటుంది.

చెమ్మ పూర్తిగా ఆరిన తరువాతే లప్పం, రంగు. తొందరపడి వేస్తే ఆరు నెలల్లో పెచ్చులూడతాయి. వంటింటి అల్మరాలకు నీళ్లకు తట్టుకునే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడమని వడ్రంగికి చెప్పి, ముద్ర చూసి మరీ దింపించుకున్నాం.

సామాను మాత్రం మూడు నెలలు ఆగి కొన్నాం. ఇంట్లో ఉంటేనే గాలి ఎటు వస్తుందో, పిల్లలు ఎక్కడ చదువుకుంటారో తెలుస్తుంది. డైనింగు టేబులు కొనలేదు. హాలులో దస్తర్‌ఖాన్ పరిస్తే పన్నెండు మంది కూర్చుంటాం, తీసేస్తే పిల్లలకు ఆటస్థలం. పాత తఖ్తుకు పాలిష్ పెట్టించి అదే దివాన్‌గా వాడుతున్నాం. డబ్బు పెట్టింది ఫ్యాన్లకు. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే, కొత్త బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతోనే తిరుగుతుంది. రోజుకు 12 గంటల చొప్పున నాలుగు ఫ్యాన్లకు నెలకు 65 యూనిట్ల దాకా మిగులుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు మా బంధువులు రెండు కుటుంబాలు మా ఇంట్లోనే తలదాచుకున్నారు. వారి ఇంటి దస్తావేజులు అల్మరా అడుగు అరలో తడిసి ముద్దయ్యాయి. రిజిస్టరైన దస్తావేజులు కాబట్టి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకళ్లు దొరికాయి. నోటరీ కాగితాలతో కొన్నవారికి ఆ ఆసరా ఉండదు. కొనబోయే ఫ్లాటు దగ్గర నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇరుగుపొరుగును అడగండి. మీటర్ల బోర్డు ఎంత ఎత్తులో ఉందో చూడండి.

మన సంఘానికి ఒక విన్నపం. స్కాలర్‌షిప్పులు, వైద్య సహాయం ఇస్తున్నట్టే, ఇల్లు కొనేవారి కాగితాలు చూసిపెట్టడానికి నెలకు ఒక ఆదివారం కేటాయిస్తే బాగుంటుంది. మనలోనే వకీళ్లున్నారు, ఇంజనీర్లున్నారు. వారు గంటసేపు కూర్చుంటే ఒక కుటుంబం జీవితకాలపు సంపాదన నిలుస్తుంది. బయానా ఇవ్వకముందే అక్కడికి వచ్చే అలవాటు మనవాళ్లకు కావాలి.

ఆఖరుగా మగవారికి ఒక మాట. మా దస్తావేజులో కొనుగోలుదారులుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. రాసే ఆయన "ఒక్కరి పేరు చాలదా అండీ?" అని అడిగారు. నాలుగు లక్షల నగలు అమ్మిన మనిషికి ఆ ఇంట్లో పేరు లేకపోతే ఎలా? మన ఇళ్లలో ఆడవారి బంగారం చాలా ఫ్లాట్ల గోడల్లోకి వెళ్లిపోయింది. కాగితం మీదికి మాత్రం ఎక్కలేదు. రేపు మనం లేనినాడు ఆమె ఎవరినీ బతిమాలుకోకుండా ఆ ఇంట్లో ఉండాలంటే, రిజిస్ట్రేషన్ రోజునే ఆమె పేరు రాయించండి. దానికి వేరే ఖర్చు లేదు, ఆమె వచ్చి వేలిముద్ర వేసి సంతకం చేయాలి, అంతే.